కారు ఈసీఎం ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈసీఎం అన్నా ఈసీయూ అన్నా ఇంజిన్‌ని నడిపే కంప్యూటరే. మన గ్యారేజీల్లో ఈసీఎం అనే మాటే ఎక్కువ కాబట్టి ఇక్కడా అదే వాడాం. కింద చెప్పినవి 12 వోల్టుల పెట్రోలు, సీఎన్‌జీ, డీజిల్ కార్లకు వర్తిస్తాయి. ఏ పిన్ను దేనిదన్నది మోడల్‌ని బట్టి మారిపోతుంది. మీ బండి వైరింగ్ డయాగ్రం చేతిలో లేకుండా ఈసీఎం కప్లర్‌లో (వైర్లన్నీ వచ్చి గుచ్చుకునే ప్లగ్గులో) మీటరు పెట్టొద్దు.

స్కానర్ (బండిలోని ఫాల్ట్ కోడ్లు చదివే పరికరం) ఇంజిన్‌తో కనెక్ట్ కావట్లేదు, ఈసీఎం పోయింది అన్నారు. ఒప్పుకోవచ్చా?

అప్పుడే ఒప్పుకోవద్దు. ఫ్యూజు కాలినా, మెయిన్ రిలే అతుక్కోకపోయినా, ఎర్త్ వదులైనా, ఏదో ఒక సెన్సర్ లోపల షార్టయి ఈసీఎం సెన్సర్లకిచ్చే 5 వోల్టుల లైన్‌ని కిందికి లాగేసినా, బండిలోని కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైరు తెగినా స్కానర్ తెర మీద వచ్చేది ఒకటే: కమ్యూనికేషన్ ఎర్రర్. వీటన్నిటినీ చూశాక మిగిలేదే ఈసీఎం.

ఇంకో సంగతి. నిజంగానే కాలిపోయిన ఈసీఎం చాలాసార్లు దానంతటది కాలదు. దాన్ని కాల్చిన ఇగ్నిషన్ కాయిలో, తెగిన ఎర్త్ స్ట్రాపో బండిలోనే కూర్చుని ఉంటుంది. అది దొరక్కుండా కొత్తది బిగిస్తే మొదటి సెల్ఫ్‌కే అదీ పోవచ్చు. అందుకే ఈసీఎం మార్చాలన్నవాళ్లని రెండు అడగండి: పవర్, ఎర్త్ పిన్నుల దగ్గర లోడు పెట్టి (బల్బులాంటిది వెలిగించి కరెంటు లాగించి) చూశారా? 5 వోల్టుల లైన్ ఎంత చూపిస్తోంది? అంకెల్లో జవాబు రాలేదంటే పరీక్ష జరగలేదు, ఊహ మాత్రమే జరిగింది.

నడుస్తుండగా ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిమిషంలో ఏం చేయాలి?

హజార్డ్ లైట్లు వేసి ఎడమ పక్కకి రండి. ఇంజిన్ ఆగినా బ్రేక్ బూస్టర్‌లో రెండు మూడు సార్లు తొక్కడానికి సరిపడా వాక్యూమ్ ఉంటుంది. పదే పదే పంపు కొట్టినట్టు తొక్కితే అది అయిపోతుంది, ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టుకోండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, తిరగడం మాత్రం తిరుగుతుంది. బండి ఆగేదాకా తాళం లాక్ వరకు తిప్పొద్దు. ఆగాక తాళం మళ్లీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, కింది ప్రశ్నలో చెప్పిన మొదటి మూడూ గమనించండి. తర్వాత మెకానిక్‌కి చెప్పడానికి అవే పనికొస్తాయి.

ఈసీఎం మేలుకుని ఉందో లేదో పనిముట్లు లేకుండా ఎలా తెలుస్తుంది?

ఇగ్నిషన్ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. పెట్రోలు బండయితే వెనక సీటు కింద నుంచి ఫ్యూయల్ పంపు రెండు సెకన్లపాటు సన్నగా గుంయ్‌మనాలి. బానెట్ కింద ఫ్యూజు బాక్సులో మెయిన్ రిలే టక్‌మనాలి. సెల్ఫ్ తిప్పుతుంటే ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదలాలి, ముల్లు కదలని మోడళ్లలో స్కానర్‌లో 150 నుంచి 250 వరకు ఆర్‌పీఎం కనబడాలి.

లైటు, పంపు, రిలే మూడూ లేవంటే ఈసీఎంకి కరెంటు అందట్లేదు, లేదా అందినా లేవట్లేదు. లైటు వెలిగి, పంపు మోగి, ఆర్‌పీఎం మాత్రం సున్నా అంటే ముందు ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పే క్రాంక్ సెన్సర్‌ని చూడాలి, ఈసీఎంని కాదు. ఒక మెలిక: ఈసీఎంతో మాట తెగిపోతే మీటర్ బోర్డే సొంతంగా చెక్ ఇంజిన్ లైటు వేసే మోడళ్లున్నాయి. కాబట్టి లైటు ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం.

సొంతంగా చెక్ చేయాలంటే ఏమేం ఉండాలి?

మంచి డిజిటల్ మల్టీమీటరు. రెండు వైర్లు అతికించిన 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు. 10 నంబరు స్పానరు. 10 ఆంపియర్ల ఫ్యూజు మధ్యలో పెట్టిన ఒక జంపర్ వైరు. ఒక స్కానర్. ఫోన్‌కి కలిసే చవక ఈఎల్‌ఎం 327 డాంగిల్ కోడ్లు చదవడానికి సరిపోతుంది, కానీ ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ మాడ్యూళ్లను విడివిడిగా పలకరించడానికి గ్యారేజీ స్కానరే కావాలి. కప్లర్ పిన్నుల్లోకి దూర్చడానికి సన్నటి సూది ప్రోబులు ఉంటే మేలు. మీటరు లావు ముల్లు దూరిస్తే పిన్ను నోరు వెడల్పయి, లేని లోపం కొత్తగా పుడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాటరీ దగ్గర. నిండుగా ఉన్నది 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి పడితే సగం ఖాళీ. సెల్ఫ్ తిప్పుతుండగా 9.6 కంటే కిందికి పోకూడదు. సెల్ఫ్ లాగినప్పుడు వోల్టేజీ 6, 7కి కూలిపోతే ఈసీఎం మధ్యలో రీసెట్ అవుతుంది, ఇంజిన్ స్టార్ట్ కాదు, పైగా పి0606 లాంటి భయపెట్టే కోడ్లు కూడా రాసిపెట్టుకోవచ్చు. బ్యాటరీ మార్చగానే మాయమైన "ఈసీఎం ఫాల్టులు" తక్కువేం కాదు.

టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి. తిరిగితే వదులే. తెల్లటి పొడి పేరుకుని ఉంటే వేడినీళ్లు, వంటసోడాతో కడిగి ఆరబెట్టి బిగించండి. తర్వాత ఫ్యూజులు. పైకి బాగున్నట్టు కనబడే ఫ్యూజు లోపల వెంట్రుకంత చీలి ఉండొచ్చు, అందుకని బయటికి లాగి చూడటం కంటే స్థానంలో ఉండగానే పైనున్న రెండు మెటల్ చుక్కల మీద మీటరు పెట్టి రెండు వైపులా 12 వస్తోందో లేదో చూడటం మంచిది.

ఈసీఎం కప్లర్ దగ్గర మీటరు 12 వోల్టులు చూపిస్తోంది. ఇక పవర్ బాగున్నట్టే కదా?

కాదు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు 10 మెగాఓంలు. అంటే అది లైన్ నుంచి లాగే కరెంటు ఒక మైక్రోఆంపియర్ చుట్టుపక్కలే. ముప్పై పోగుల వైరులో ఇరవై తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా, పిన్ను మీద చిలుము పొరలా పట్టినా, అంత చిన్న కరెంటుకి అడ్డేం తగలదు, మీటరు 12 చూపిస్తుంది. ఈసీఎం ఆంపియర్లలో లాగే సరికి ఆ సన్నటి దారి మీదే వోల్టేజీ పడిపోతుంది.

అందుకే బల్బు. బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్ విప్పి, నెగటివ్ మళ్లీ బిగించండి. డయాగ్రం చూసి ఎప్పుడూ కరెంటుండే బ్యాటరీ ఫీడ్ పిన్ను, ఎర్త్ పిన్ను గుర్తించండి. ఆ రెండిటి మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అదే బల్బుని ముందుగా నేరుగా బ్యాటరీకి పెట్టి ఎంత వెలుగొస్తుందో చూసుకుని ఉండాలి. కప్లర్ దగ్గరా అంతే వెలిగితే ఆ జత బాగున్నట్టు. ఎర్రగా మిణుకుమంటే లైన్‌లో ఎక్కడో అడ్డం ఉంది. పాజిటివా, ఎర్తా తేల్చడానికి ఎర్త్ పిన్నులో ఉన్న బల్బు కాలుని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి మార్చండి. వెలుగు పెరిగితే దోషం ఎర్త్‌ది, అలాగే మిణుకుతూ ఉంటే పాజిటివ్‌ది. ఈసీఎంకి ఎర్త్ పిన్నులు రెండు నుంచి నాలుగైదు దాకా ఉంటాయి, ఒక్కటి చూసి వదలొద్దు. ఇగ్నిషన్ ఆన్ చేస్తే వచ్చే ఫీడ్‌ని కూడా ఇలాగే చూడండి.

ఈ బల్బుని పవర్, ఎర్త్ పిన్నులకు తప్ప ఇంకెక్కడా పెట్టొద్దు. సెన్సర్, క్యాన్ లైన్లలో పెడితే బాగున్న ఈసీఎం కూడా దెబ్బతింటుంది. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ల జోలికైతే అసలు పోవద్దు.

కప్లర్ విప్పకుండా కొలవాలంటే: మీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి కప్లర్ వెనక నుంచి ఎర్త్ పిన్ను మీద పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. 0.3, 0.4 వస్తుంటే ఆ ఎర్త్ బోల్టు విప్పి, కింద రంగు, తుప్పు గీకి మళ్లీ బిగించాలి.

మెయిన్ రిలే ఎలా పనిచేస్తుంది, ఎలా చెక్ చేయాలి?

చాలా బండ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు తాళం నుంచి ఈసీఎంకి ఒక సన్నటి సిగ్నల్ వెళ్తుంది. ఈసీఎం మేలుకుని మెయిన్ రిలే కాయిల్‌కి తనే ఎర్త్ ఇస్తుంది. రిలే అతుక్కుని ఈసీఎంకి, ఇంజెక్టర్లకి, కాయిళ్లకి అసలు కరెంటు వదుల్తుంది.

రిలే లాగి కాయిల్ పిన్నులు 85, 86 మధ్య ఓంలు కొలిస్తే సుమారు 70 నుంచి 120 మధ్య రావాలి. తర్వాత సాకెట్‌లో 30, 87 పిన్నుల్ని ఫ్యూజున్న జంపర్ వైరుతో కలపండి. స్కానర్ వెంటనే కనెక్ట్ అయిందంటే ఈసీఎం బతికే ఉంది. రిలేనో, దాని కంట్రోల్ వైరో చూసుకోవాలి. టక్‌మన్న చప్పుడు వచ్చినంత మాత్రాన రిలే మంచిదని కాదు. కాంటాక్టు నల్లగా మాడిపోయినా కాయిల్ లాగుతూనే ఉంటుంది. పక్కనున్న హారన్ రిలే అదే నంబరుదైతే మార్చి పెట్టి చూడటం అన్నిటికంటే సులువు.

5 వోల్టుల రిఫరెన్స్ అంటే ఏమిటి? దానికీ బండి ఆగిపోవడానికీ సంబంధం ఏమిటి?

మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది), థ్రాటిల్, యాక్సిలరేటర్ పెడల్, ఫ్యూయల్ రైల్ ప్రెషర్ సెన్సర్, ఏసీ ప్రెషర్ సెన్సర్, కొన్ని బండ్లలో క్యామ్, క్రాంక్ సెన్సర్లు ఇవన్నీ ఈసీఎం ఇచ్చే 5 వోల్టుల మీద నడుస్తాయి. ఒకే లైన్ మీద మూడు నాలుగు సెన్సర్లు వేలాడుతుంటాయి. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్టయినా లైన్ మొత్తం కూలుతుంది. కొన్ని డిజైన్లలో ఈసీఎం ప్రాసెసర్ కూడా పడుకుంటుంది: చెక్ ఇంజిన్ లైటు లేదు, స్కానర్ లేదు, స్టార్ట్ లేదు. చూసినవాళ్లెవరైనా ఈసీఎం చచ్చిందనే అంటారు. ఈసీఎం ఇంకా మాట్లాడుతుంటే పి0641 నుంచి పి0643 వరకు, పి0651 నుంచి పి0653 వరకు ఉన్న కోడ్లు ఈ లైన్ గురించే.

పట్టుకునే పద్ధతి ఇది. ఇగ్నిషన్ ఆన్ చేసి, చేతికి అందే మ్యాప్ సెన్సర్ కప్లర్ విప్పి, 5 వోల్టుల వైరు పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. 0.3 అనో, 2.4 అనో వస్తే మీటరుని అక్కడే వదిలేసి మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ రండి. ఏది విప్పగానే మీటరు ఒక్క గెంతున 5కి వచ్చి, మీటర్ బోర్డులో చెక్ ఇంజిన్ లైటు వెలిగిందో దొంగ అదే. మొదట అనుమానించాల్సింది ముందు గ్రిల్ వెనక కండెన్సర్ పక్కనుండే ఏసీ ప్రెషర్ సెన్సర్‌ని. నీళ్లు, బురద, రాళ్లు ముందు తగిలేది దానికే. దాన్ని విప్పి పక్కన పెట్టినా చాలా బండ్లు ఏసీ లేకుండా మామూలుగా నడుస్తాయి.

సెన్సర్లన్నీ విప్పినా 5 రాలేదంటే బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్ కూడా విప్పి, ఆ 5 వోల్టుల వైరుకీ బాడీకీ మధ్య ఓంలు చూడండి. కంటిన్యుటీ ఉంటే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. లేకపోతే ఈసీఎం లోపలి రెగ్యులేటర్ పోయింది. ఇన్ని మెట్లు దిగాక మాత్రమే ఈసీఎంని అనొచ్చు.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ కనెక్ట్ అవుతున్నాయి, ఇంజిన్ ఒక్కటే కావట్లేదు. అంటే?

స్కానర్ సాకెట్, క్యాన్ మెయిన్ లైన్ బాగున్నాయని అర్థం. మిగతా మాడ్యూళ్లలో యూ0100 ఉంటుంది, అంటే ఈసీఎం మాట వినబడట్లేదని అవి ఫిర్యాదు చేస్తున్నాయి. ఈసీఎం పవర్, ఎర్త్, 5 వోల్టులు, ఈసీఎం దాకా వెళ్లే క్యాన్ జత వైర్లు చూడాలి.

ఏదీ కనెక్ట్ కావట్లేదంటే స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ నుంచి మొదలుపెట్టండి. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉండాలి. 16లో కరెంటు లేకపోతే చాలా బండ్లలో సిగరెట్ లైటర్ ఫ్యూజు కాలి ఉంటుంది, చవక మొబైల్ చార్జర్ పుణ్యం. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగి 6, 14 పిన్నుల మధ్య ఓంలు కొలవండి. లైన్ రెండు కొసల్లో ఒక్కో 120 ఓంల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ షార్టయ్యాయి. ఒక కొస రెసిస్టర్ చాలా బండ్లలో ఈసీఎంలోనే ఉంటుంది, కనుక ఈసీఎం కప్లర్ విప్పినప్పుడు 120 వస్తే కంగారు పడొద్దు. అదే, సున్నా ఉన్నది ఈసీఎం విప్పగానే 120కి ఎగబాకితే ఈసీఎం లోపలి క్యాన్ చిప్ షార్టయినట్టే. సాకెట్‌కీ క్యాన్ లైన్‌కీ మధ్య కాపలాలా ఉండే గేట్‌వే మాడ్యూల్ ఉన్న బండ్లలో సాకెట్ దగ్గర ఈ అంకెలు నమ్మొద్దు, గేట్‌వే వెనక నుంచి కొలవాలి.

స్టార్ట్ అయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతోంది. ఈసీఎమ్మేనా?

ఎక్కువగా ఇమ్మొబిలైజర్, అంటే సరైన చిప్ తాళం కాకపోతే ఇంజిన్‌ని ఆపేసే దొంగతనం కాపలా. మీటర్ బోర్డులో తాళం గుర్తు టపటపా కొట్టుకుంటోందేమో చూడండి. రెండో తాళంతో ప్రయత్నించండి. అదే గుత్తిలో ఇంకో బండి చిప్ తాళం ఉంటే తీసేయండి. తాళం చుట్టూ ఉండే యాంటెన్నా కాయిల్ కప్లర్ ఊడినా ఇంతే.

చల్లగా ఉంటే స్టార్ట్ అవుతుంది, అరగంట నడిచాక ఆగిపోతుంది, గంట ఆగితే మళ్లీ నడుస్తుంది. ఏమై ఉంటుంది?

మొదట క్రాంక్ సెన్సర్. వేడికి దాని లోపలి కాయిల్ తెగి, చల్లారాక అతుక్కుంటుంది. ఆగిన వెంటనే సెల్ఫ్ తిప్పుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి, సున్నా అయితే సెన్సరో దాని వైరో. తర్వాత మెయిన్ రిలే, ఫ్యూయల్ పంపు రిలే. ఈ మూడూ బాగుండి, ఆగిన క్షణంలో స్కానర్ కూడా తెగిపోతుంటే అప్పుడు ఈసీఎం బోర్డులో చీలిన సోల్డర్ అనుమానించొచ్చు. రూఢి చేసుకోవాలంటే బండి నడుస్తుండగా ఈసీఎం పెట్టెకి హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి పట్టండి. ఆగిపోతే, చల్లబరచగానే లేస్తే, దోషం పెట్టె లోపలే.

పి0606 కోడ్ వచ్చింది. నెట్‌లో ఈసీఎం మార్చాలని రాసి ఉంది.

పి0601 నుంచి పి0607 దాకా ఉన్నవి ఈసీఎం తన గురించి తాను చెప్పుకునే కోడ్లు. వాటిలో పి0603 బ్యాటరీ తీసి పెట్టినా రావొచ్చు, పి0602 సాఫ్ట్‌వేర్ సరిగా ఎక్కలేదనడానికి వస్తుంది. పి0601, పి0604, పి0605, పి0606 మాత్రం మెమరీకి, ప్రాసెసర్‌కి సంబంధించినవి. బ్యాటరీ, చార్జింగ్, ఎర్త్ సరిచేసి కోడ్ తుడిచేయండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 మధ్య ఉంటూ, కోడ్ వెంటనే తిరిగొస్తుంటే, కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడిగి, ఆ తర్వాతే మార్చే మాట. పి0560, పి0562 కూడా పక్కనే ఉంటే ముందు కరెంటు సంగతి చూడాలి.

అసలు ఈసీఎం ఎందుకు పోతుంది?

నీళ్లు మొదటి శత్రువు. ఈసీఎం కొన్ని బండ్లలో బానెట్ కింద, కొన్నిట్లో అద్దం అడుగున వైపర్ల దగ్గర, కొన్నిట్లో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. వైపర్ల కింద నీళ్లు పోయే రంధ్రాలు ఎండుటాకులతో మూసుకుపోతే వాన నీళ్లు తొట్టిలా నిలిచి కప్లర్‌లోకి దిగుతాయి. బండి ఆపేసి ఉన్నా ఒక పిన్నులో ఎప్పుడూ 12 వోల్టులుంటాయి, పక్క పిన్ను ఎర్త్. మధ్యలో తడి చేరిందంటే పాజిటివ్ పిన్ను కరిగి పచ్చటి చిలుమైపోతుంది. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ పెట్టించుకునేవాళ్లు ఈ పని డబ్బిచ్చి చేయించుకుంటున్నట్టే.

నూనె కూడా నీళ్లలాగే పాకుతుంది. క్యామ్ సెన్సర్ లేదా వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ సోలెనాయిడ్ సీలు కారితే వైరు పోగుల మధ్య సన్నటి సందుల్లోంచి నూనె ఎగబాకి ఈసీఎం కప్లర్ దాకా వస్తుంది. కప్లర్ విప్పినప్పుడు పిన్నులు జిడ్డుగా ఉంటే తుడిచి వదిలేయొద్దు, కారే చోటు వెతకాలి.

ఎర్త్ స్ట్రాప్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి దానికీ కరెంటు దారి ఆ అల్లిక పట్టీ ఒక్కటే. క్లచ్ పనికి గేర్ బాక్సు దింపినప్పుడు విప్పి, బిగించడం మర్చిపోతారు. అప్పుడు సెల్ఫ్ మోటారు లాగే వంద, రెండు వందల ఆంపియర్లు వెనక్కి వెళ్లే దారి కోసం ఈసీఎం ఎర్త్ వైర్లలోకి దూరతాయి. బోర్డు మీద ఎర్త్ ట్రాక్ ఫ్యూజులా కాలుతుంది. సెల్ఫ్ తిప్పుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య వోల్టేజీ కొలవండి: 0.2 లోపు బాగున్నట్టు, 0.5 దాటితే ఇంక సెల్ఫ్ కొట్టొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్ చెక్ చేసే పాత అలవాటు కార్బురేటర్ బండ్ల కాలంలో చెల్లింది. ఇప్పుడు ఆ క్షణంలో లైన్‌లో లేచే వోల్టేజీ 80 నుంచి 100 దాకా పోగలదు. జంప్ స్టార్ట్‌లో ప్లస్ మైనస్ మారినా అంతే ప్రమాదం. అయితే చాలా ఈసీఎంలలో ఒక రక్షణ డయోడ్ తాను కాలి ఫ్యూజుని కొట్టేసి మిగతా బోర్డుని కాపాడుతుంది, ఇలాంటివి చవకగానే రిపేరవుతాయి. బాడీకి వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ నెగటివ్, ఈసీఎం కప్లర్లు రెండూ విప్పాలి.

ఎలుకలు కొరికితే ఈసీఎం పోయేది తక్కువ, వైర్లు పోయేది ఎక్కువ. రెండు మూడు వైర్లు కలిసి కొరికి తొక్క ఊడితే మాత్రం 12 వోల్టులు సెన్సర్ లైన్‌కి తగిలి ఈసీఎం లోపల కాలుతుంది. బయట బిగించిన సీఎన్‌జీ కిట్లు, రిమోట్ లాకులు, ఆండ్రాయిడ్ స్టీరియోలు ఇంకో జాబితా. వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిన ప్రతి జాయింటూ అనుమానితుడే.

వరదలో బండి మునిగింది. ఈసీఎం దక్కుతుందా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, 2020 అక్టోబరులో హైదరాబాద్ వానలకి ఎదురైన ప్రశ్నే ఇది. నీళ్లు తీసిన వెంటనే "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అనడమే బండిని చంపేది. ఇంజిన్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ లేకపోతే ఆ నష్టం మామూలుగా మీదే.

తాళం తిప్పకుండా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఈసీఎం విప్పి కప్లర్‌లో బురద ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. పెట్టె సీలు బాగుంటే లోపల పొడిగానే ఉండొచ్చు. ఎండలో కాకుండా ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వాలి. బండి వైపు కప్లర్‌ని, ఎర్త్ బోల్టులని కూడా అలాగే శుభ్రం చేయాలి. అప్పటికి స్టార్ట్ అయినా, వారాలు గడిచాక చిలుము వల్ల సతాయించడం మామూలే.

విప్పి చూస్తే తెలుస్తుందా?

కొన్నిసార్లు. మాడిన ట్రాక్, పగిలిన డ్రైవర్ చిప్ (ఇంజెక్టర్, కాయిల్ లాంటివాటిని నడిపేది), పచ్చటి మరకలు కంటికే కనబడతాయి. 1990ల నాటి ఈసీఎంలలో కెపాసిటర్లు కారి బోర్డుని తినేస్తాయి, చేపల వాసన కూడా వస్తుంది. కొత్త తరం పెట్టెలు జిగురుతో మూసేసి, లోపల జెల్ పోసి ఉంటాయి. విప్పేటప్పుడే సగం పాడవుతాయి. వారంటీ ఉంటే మూత ముట్టుకోవద్దు.

డీజిల్ కామన్ రైల్ ఈసీఎం లోపల ఇంజెక్టర్లు తెరవడానికి 65 నుంచి 80 వోల్టుల దాకా, పీజో రకంలో 100 పైన తయారవుతుంది. బండి ఆపిన వెంటనే బోర్డు మీద చెయ్యి పెట్టొద్దు, ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కప్లర్లు పీకొద్దు.

అదే మోడల్ ఇంకో కారుది తెచ్చి పెట్టి చూస్తే సరిపోదా?

హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ కలిసినా ఇమ్మొబిలైజర్ ఒప్పుకోదు, స్టార్ట్ కాదు. స్కానర్ కనెక్ట్ అవుతుందా లేదా అన్నంత వరకే ఆ పరీక్ష పనికొస్తుంది. పైగా మీ బండిలో షార్ట్ ఉంటే స్నేహితుడి ఈసీఎం కూడా పోతుంది.

రిపేర్, సెకండ్ హ్యాండ్, కొత్తది: ఏది మేలు?

పవర్ డయోడ్, ఒక డ్రైవర్ చిప్, కాలిన ట్రాక్ అయితే రిపేరే మంచిది. మీ డేటా, మీ తాళాలు అలాగే ఉంటాయి. ప్రాసెసర్ పోతే సెకండ్ హ్యాండ్ తెచ్చి పాతదాని మెమరీ కాపీ చేయించొచ్చు, పాతదాని మెమరీ చదవగలిగితేనే. కొత్తదైతే కంపెనీ టూల్‌తో ఛాసిస్ నంబరు రాసి, తాళాలు కలిపి, థ్రాటిల్ అడాప్టేషన్ (థ్రాటిల్ స్థానాన్ని ఈసీఎంకి నేర్పడం) చేయాలి. డీజిల్‌లో ప్రతి ఇంజెక్టర్ నెత్తి మీదుండే కోడ్ కూడా రాయాలి, లేకపోతే పొగ, కుదుపు. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్ 6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) ఎంత మసి ఉందన్న లెక్క కూడా పాత ఈసీఎంలోదే ఎక్కించాలి.

మంచి ఈసీఎం బిగించేముందు ఏం కొలవాలి?

పాతదాన్ని చంపింది ఏదో అది. రెండు పిన్నుల ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ సుమారు 0.4 నుంచి 2 ఓంలు. మామూలు పెట్రోలు ఇంజెక్టర్ 11 నుంచి 16 ఓంలు. నాలుగూ ఒకేలా ఉండాలి, ఒకటి 3 చూపిస్తే దోషి అదే. మూడు నాలుగు పిన్నుల కాయిళ్లలో ఇగ్నైటర్ లోపలే ఉంటుంది, వాటిని ఓంలతో చెప్పలేం, మార్చి చూడాలి. పర్జ్ సోలెనాయిడ్, వీవీటీ సోలెనాయిడ్, ఆక్సిజన్ సెన్సర్ హీటర్లు కూడా కొలవండి. పోయిన డ్రైవర్ ఏ పిన్నుదో రిపేర్ చేసినవాళ్లని అడిగితే వెతకాల్సింది ఒకే వైరుకి తగ్గుతుంది.

రీమ్యాప్ (ఈసీఎం సాఫ్ట్‌వేర్ మార్చి రాయడం) చేస్తుండగా మధ్యలో ఆగి, బండి మూగబోయింది.

రాత సగంలో ఆగింది, హార్డ్‌వేర్‌కి సాధారణంగా ఏమీ కాదు. టేబుల్ మీద పెట్టి బూట్ మోడ్‌లో (ప్రాసెసర్‌లోకి నేరుగా రాసే పద్ధతిలో) అసలు ఫైల్ తిరిగి రాయగలిగితే లేస్తుంది. రాసేంతసేపూ 13.5 వోల్టుల స్థిరమైన సప్లై కావాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆపి ఉండాలి.

రిపేర్‌కి పంపేటప్పుడు ఏమేం ఇవ్వాలి?

ఈసీఎంతోపాటు మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం, చివరిగా చదివిన కోడ్లు, ఎలా ఆగిపోయిందన్న రెండు వాక్యాలు కాగితం మీద రాసి పెట్టండి. స్టార్ట్ చేసి చూపించాలంటే ఇమ్మొబిలైజర్ యూనిట్, ఒక తాళం కూడా అడుగుతారు, కొన్ని బండ్లకి మీటర్ బోర్డు కూడా. స్టిక్కర్ మీది నంబర్లు ఫోటో తీసుకుని, అంచు మీద మీ గుర్తు ఒకటి గీసుకోండి, తిరిగొచ్చింది మీదో కాదో తెలియాలి కదా. థర్మాకోల్‌లో నేరుగా పెట్టొద్దు, యాంటీ స్టాటిక్ కవర్‌లో వేసి ఆ పైన బబుల్ చుట్టండి. బండి వైపు మిగిలిన కప్లర్ నోటికి ప్లాస్టిక్ కవర్ కట్టి పైకి చూసేలా కాకుండా కిందికి వంచి ఉంచండి, ఈసీఎం తిరిగొచ్చేలోపు అందులో నీళ్లు చేరకుండా.